హాల్స్‌ఫోర్డ్‌లో నాలుగు స్టేషన్లు, ఒక వెయిటింగ్ రూమ్

రెండువేల పదకొండు వసంతంలో ఒక శనివారం మధ్యాహ్నం, ఇండియన్ గ్రాసరీ షాపు పార్కింగ్ లాట్‌లో కరివేపాకు కవరు చేత్తో పట్టుకుని నడుస్తూ కింద పడిపోయాను. తెలివొచ్చేసరికి అంబులెన్స్‌లో ఉన్నాను. ఫిట్స్ అన్నారు. నలభై ఏళ్ల వయసులో అదే మొదటిసారి. డాక్టరమ్మ మందులు రాసిచ్చి, ఆరు నెలలపాటు స్టీరింగ్ ముట్టుకోవద్దని చెప్పింది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురముంటున్న మనిషికి ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పనక్కర్లేదు. మా ఇంటి నుంచి పాలు తెచ్చుకోవాలన్నా కారే, పాపను స్కూల్లో దింపాలన్నా కారే. మా ఆయన రమణ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన ఉదయం వెళ్తే సాయంత్రం గాని రారు. అప్పటిదాకా కిటికీలోంచి చెట్లు చూడటమే.

స్నేహితులు మంచివాళ్లే. ఒకరు గుడికి తీసుకెళ్లారు, ఒకరు కూరగాయలు తెచ్చిపెట్టారు. కానీ ప్రతి ఒక్కరూ కారు డోరు తీసి, నా మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, "పాపం వసుంధర" అనేవారు. నెల తిరిగేసరికి నాకు జబ్బు కంటే ఆ "పాపం" ఎక్కువ బరువైపోయింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ లైబ్రరీకి బయల్దేరాను. సగం దూరంలో ఫుట్‌పాత్ అయిపోయింది. గడ్డిలో నడిచాను. కార్లలో వెళ్లేవాళ్లు వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆ లైబ్రరీలో మిషిగన్ పాత రైల్వే స్టేషన్ల ఫొటోల పుస్తకం ఒకటి దొరికింది. మా నాన్న నెల్లూరు జిల్లా బిట్రగుంట లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేశారు. స్టేషన్ బొమ్మ కనబడితే నా చెయ్యి ఆగదు. పేజీలు తిప్పుతుంటే ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. ఎత్తయిన కిటికీలున్న వెయిటింగ్ రూమ్ నిండా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్లోనూ ఊలు దారం, అల్లిక సూదులు. ఒక్కరి దగ్గర కూడా పెట్టె లేదు. కింద ఊరి పేరు హాల్స్‌ఫోర్డ్ అని ఉంది, అంతే. పెట్టెలు లేని ప్రయాణికులు ఎక్కడికి వెళ్తున్నట్టు? మ్యాప్ చూస్తే ఆ ఊరు డెట్రాయిట్ నుంచి షికాగో వెళ్లే లైనులో, జాక్సన్ దాటాక ఉంది. ఇప్పటికీ రైలు ఆగుతోంది. అంటే నేను కారు లేకుండా వెళ్లగలిగే ఊరన్నమాట.

ఇంట్లో చెప్పగానే గొడవైంది. అమెరికాలో ఎవరూ రైళ్లెక్కరని, శనివారం దాకా ఆగితే తనే డ్రైవ్ చేసి తీసుకెళ్తానని రమణ అన్నారు. పాపనైనా వెంట తీసుకెళ్లమన్నారు. మా అన్వితకి అప్పుడు పద్నాలుగేళ్లు. స్కూలు మానిపించి దాన్ని నాకు కాపలా పెట్టడం నాకిష్టం లేదు. "దారిలో నీకేమైనా అయితే?" అని ఆయన అడిగారు. "ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు అయితే?" అని నేనడిగాను. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉండే స్నేహితురాలు ఫోన్ చేసి మరీ వద్దంది. చివరికి అన్విత, "అమ్మ వెళ్తుంది నాన్నా, షి ఈజ్ సో స్టబర్న్" అని పుస్తకాలు సర్దుకుని లేచిపోయింది. అక్టోబర్ మొదట్లో, మంగళవారానికి టికెట్ బుక్ చేశాను.

మాకు దగ్గరి స్టేషన్లలో డియర్‌బోర్న్ వీలైనది. ఉదయం ట్రాఫిక్ లేకపోతే అరగంట. రమణ ఆఫీసుకి వెళ్తూ ఏడింటికి ముందే దింపారు. రానూపోనూ కలిపి నలభై డాలర్ల లోపే అయింది. కారులో వెళ్తే పెట్రోలుకు కాస్త తక్కువే అవుతుంది గాని, నాకు ఆ లెక్కతో పని లేదు. రైల్లో సీట్లు మన విమానం సీట్ల కంటే విశాలంగా ఉంటాయి, కాళ్లు బారజాపుకోవచ్చు. ఎడమవైపు కిటికీ కంటే కుడివైపు కిటికీ మంచిది, ఆన్ ఆర్బర్ దాకా హ్యూరాన్ నది పక్కపక్కనే వస్తుంది. ఆకులు ఎర్రబడే కాలం. టికెట్ చూడటానికి వచ్చిన కండక్టర్ హాల్స్‌ఫోర్డ్ అన్న పేరు చూసి, అక్కడ మీకు చుట్టాలున్నారా అని అడిగాడు. లేరు, స్టేషన్ చూడటానికి వెళ్తున్నాను అన్నాను. అయితే త్వరగా చూడండి, ఎన్నాళ్లుంటుందో తెలియదు అని వెళ్లిపోయాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో హాల్స్‌ఫోర్డ్‌లో దిగింది నేనొక్కదాన్నే. దిగింది బస్‌స్టాప్ లాంటి గాజు షెల్టర్ ముందు. అధికారికంగా అదే ఇప్పటి స్టేషన్. దాని వెనక, ఫొటోలో చూసిన ఎత్తయిన కిటికీలతో ఒక రాతి కట్టడం, మూలన గుండ్రటి బురుజుతో నిలబడి ఉంది. తలుపుకు తాళం. రోడ్డుకు అవతల చిన్న హోటలు కనిపిస్తే అక్కడికి వెళ్లాను. గ్రిల్ దగ్గర తనే నిలబడి గుడ్లు వేయిస్తున్న తెల్లజుట్టు ఆవిడ పేరు మార్జరీ, హోటలు యజమానురాలు. డెబ్బై దాటి ఉంటాయి. మాంసం లేనిది ఏముందని అడిగితే బంగాళాదుంపలు, టోస్ట్ ఇచ్చింది. స్టేషన్ సంగతి అడిగేసరికి గ్రిల్ కట్టేసి, ఏప్రన్ విప్పి, జేబులోంచి తాళంచెవి తీసింది. ఆ తాళం ఆవిడ దగ్గరే ఉంటుందట. పొద్దుటి రైలుకు ఎక్కేవాళ్లు లేకపోవడంతో ఆ రోజు ఇంకా తీయలేదంది.

గంటన్నరలో ఊరంతా నడిపించింది. ఊరికి అసలు రైలు రావాల్సింది కాదట. సర్వే పక్క ఊరికి జరిగింది. ఇక్కడి రైతులు ఊరుకోలేదు. పట్టాల కింద వేసే ఓక్ దుంగలు తామే కొట్టి తెచ్చి, భూమి ఉచితంగా రాసిచ్చి, లైనును తమవైపు వంచుకున్నారు. అలా కట్టిన మొదటి స్టేషన్ ఒక చెక్క షెడ్డు. ఇంజన్ నిప్పురవ్వ పడి తగలబడింది. ఆ స్థలంలో ఇప్పుడు బ్యాంకు పార్కింగ్ ఉంది, గోడకు చిన్న ఇత్తడి ఫలకం తప్ప ఇంకేమీ లేదు. రైల్వే కంపెనీ మళ్లీ చెక్కతోనే కడతామంటే ఊరివాళ్లు ఒప్పుకోక, పొలాల్లో ఏరిన రాళ్లు బళ్ల మీద తోలి రాతి స్టేషన్ కట్టించుకున్నారు. అది రెండోది. తర్వాత ఊళ్ల మధ్య కరెంటు ట్రాములు నడిచిన రోజుల్లో, పెద్ద రైలు కంపెనీ వాటిని తన స్టేషన్‌లోకి రానివ్వలేదు. పంతానికి ఊరివాళ్లు మెయిన్ స్ట్రీట్‌లో ట్రాములకని ఇంకో స్టేషన్ లేపారు. అది ఇప్పుడు బట్టలుతుక్కునే లాండ్రీ. వాషింగ్ మెషిన్ల మీద పాత టికెట్ కిటికీ కమాను అలాగే ఉంది, లోపలికి వెళ్లి చూడండి, ఎవరూ ఏమీ అనరు. నాలుగోది ఆ గాజు షెల్టర్. "ఆ ఒక్కటే మేం అడక్కుండా ఇచ్చారు" అంది మార్జరీ.

తిరిగొచ్చి రాతి స్టేషన్ తలుపు తీసింది. ఓక్ బెంచీలు, ఎత్తయిన కిటికీలు, ఫొటోలో ఉన్నట్టే. అల్లికల ఆడవాళ్ల గురించి అడిగాను. వాళ్లలో ఒకావిడ మార్జరీ తల్లి. కార్లు పెరిగి రైళ్లు తగ్గుతున్న కాలంలో, ఈ వెయిటింగ్ రూమ్ వాడేవాళ్లు లేరని కంపెనీ మూసేయబోయింది. టికెట్ ఉన్న ప్రయాణికుల్ని బయటికి పంపకూడదని కంపెనీ నియమాల్లోనే ఉందని ఎవరో కనిపెట్టారు. ఊళ్లో ఆడవాళ్లు పక్క స్టేషన్‌కు అన్నిటికంటే చవక టికెట్లు కొనుక్కుని, వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. రైళ్లు వచ్చేవి, పోయేవి. వాళ్లు ఎక్కేవాళ్లు కాదు. మా రైలు తర్వాతిది అనేవారట. చలికాలమంతా అలా కూర్చుని ఊరందరికీ స్వెటర్లు అల్లేశారు. వసంతం వచ్చేసరికి కంపెనీ వెనక్కి తగ్గింది.

నాకు బిట్రగుంట గుర్తొచ్చింది. ఆవిరి ఇంజన్లు పోయాక మా లోకోషెడ్ మూసేశారు. కాలనీ ఖాళీ అయింది. క్వార్టర్ల తలుపులు, కిటికీలు, చివరికి ఇటుకలు కూడా ఒక్కొక్కటే మాయమయ్యాయి. నాన్న బదిలీ మీద విజయవాడ వెళ్లిపోయారు. ఎవరూ అడ్డుపడలేదు. అడ్డుపడొచ్చని కూడా ఎవరికీ తోచలేదు. ఆ మాటే మార్జరీకి చెప్పాను. ఆవిడ నన్నేమీ ఓదార్చలేదు. ఇక్కడా ఇప్పుడు అదే జరగబోతోందని చెప్పింది. రైల్వే ఎప్పుడో అమ్మేసిన ఈ భవనాన్ని బయటి ఊరి స్థలాల కంపెనీ ఒకటి కొంది. పడగొట్టి మందుల షాపు, పార్కింగ్ కట్టాలని వాళ్ల ఆలోచన. ఊరి సంఘానికి ఆ కంపెనీతో ఒక అద్దె ఒప్పందం ఉంది. రైలు కోసం వచ్చే ప్రయాణికులకు వెయిటింగ్ రూమ్ తెరిచి ఉంచినంతకాలం అది చెల్లుతుంది. అసలు ప్రయాణికులే లేరు కాబట్టి ఒప్పందం చెల్లదని కంపెనీ వాదన. వచ్చే సోమవారమే కోర్టులో విచారణ అంది.

నా తిరుగు రైలు మధ్యాహ్నం రెండింటికి. ఒంటిగంటన్నరకు హోటల్లో సూప్ తాగి, వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చి కూర్చున్నాను. ఫోన్ చేస్తే రైలు ఆలస్యమని రికార్డింగ్ చెప్పింది. ముందు గూడ్స్ రైళ్లు అడ్డున్నాయట, ఎంత ఆలస్యమో తెలియదు. బయట సన్నగా వాన మొదలైంది. అప్పుడు ఒక వ్యాను, వెనకే ఒక కారు వచ్చి ఆగాయి. వ్యానులోంచి తాళాలు మార్చే మనిషి, కారులోంచి పొడుగు కోటు వేసుకున్న ఒక నడివయసు మనిషి దిగారు. కోటు మనిషి స్థలాల కంపెనీ తరఫున వచ్చాడు. భవనం మూసేస్తున్నామని మార్జరీతో చెప్పాడు. విచారణ కాకుండా ఎలా మూస్తారని ఆవిడ అడిగింది. వాడే మనిషే లేని గదికి విచారణ దేనికని అతను నవ్వాడు. ఆ తర్వాత బెంచీ మీద నన్ను చూశాడు.

చాలా మర్యాదగానే మాట్లాడాడు. మేడమ్, బయట షెల్టర్ ఉంది, అక్కడ కూర్చోవచ్చు అన్నాడు. షెల్టర్‌కు మూడువైపులే గోడలు, వాన లోపలికి కొడుతోంది. కానీ నేను ఆగింది వాన కోసం కాదు. నేను లేచి బయటికి నడిస్తే, ప్రయాణికులు లేరన్న అతని మాట ఆ క్షణమే నిజమైపోతుంది. టికెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నా రైలు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు మేడమ్."

"నాకూ తెలియదు. అందుకే కూర్చున్నాను."

ఇది ప్రైవేటు స్థలమని, పోలీసును పిలుస్తానని చెప్పి అతను వరండాలోకి వెళ్లాడు. నేను రమణకు ఫోన్ చేశాను. ఆయన మీటింగ్‌లోంచి బయటికి వచ్చి మాట్లాడారు. సంగతంతా విన్నారు.

"వసూ, విను. మన గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీసు రిపోర్ట్‌లో పేరు పడితే రేపు అడ్వకేట్‌కి ఏం చెప్తాం? వాళ్ల ఊరి గొడవ వాళ్లు చూసుకుంటారు. నువ్వు బయటికి వచ్చేయ్, నేను ఇప్పుడే స్టార్ట్ అయి వస్తా."

"రావద్దండీ. కారెక్కితే నేను ప్రయాణికురాలిని కాను. టికెట్ కొనుక్కుని రైలు కోసం కూర్చోవడం తప్పైతే ఆ తప్పు రాసుకోనీండి."

ఫోన్ పెట్టేశాక వాచీ చూసుకున్నాను. మాత్ర వేసుకోవాల్సిన వేళ దగ్గరపడింది. ఒత్తిడి వద్దని, మందు వేళ తప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది. మార్జరీకి నా సంగతి అప్పుడే చెప్పాను. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు అన్నాను. ఆవిడ కంగారు పడలేదు. హోటలుకు వెళ్లి వేడి టీ తెచ్చింది, మాత్ర వేసుకున్నాను. తను నా పక్కనే కూర్చుని, కావాలంటే వెళ్లిపోవచ్చని, తనేమీ అనుకోనని చెప్పింది. వెళ్లను అన్నాను.

పోలీసు వచ్చాడు. పెద్ద మనిషి, టోపీ మీంచి వాన నీళ్లు కారుతున్నాయి. కోటు మనిషి చెప్పిందంతా విన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి టికెట్, ఐడీ అడిగాడు. రెండూ ఇచ్చాను. పాస్‌పోర్టు కాపీ, వీసా కాగితం కూడా అడగకముందే ఇవ్వబోతే, అవి అక్కర్లేదని వెనక్కి ఇచ్చేశాడు. టికెట్‌ను మాత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఫార్మింగ్టన్ హిల్స్ అన్నాను. ఎందుకొచ్చారని అడిగాడు. ఈ స్టేషన్ చూడటానికని చెప్పాను. అప్పుడతను కోటు మనిషి వైపు తిరిగాడు.

"ఈవిడ దగ్గర ఇవాళ్టి టికెట్ ఉంది. రైలు ఇంకా రాలేదు. అంటే ఈవిడ ప్రయాణికురాలు. మిగతాది మీరు సోమవారం జడ్జికి చెప్పుకోండి."

ఆ మాటే తన చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. తాళాల మనిషి వ్యానులో కూర్చుని కొంతసేపు చూసి, ఇంకో చోట పనుందని వెళ్లాడు. కోటు మనిషి మాత్రం కారులోనే ఉండిపోయాడు, రైలెక్కి నేను పోగానే లోపలికి రావచ్చని కాబోలు. మార్జరీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. నాలుగు దాటాక ఒక ముసలాయన గొడుగుతో వచ్చి రాత్రి రైలుకు టికెట్ కొన్నానని చెప్పి నా పక్కన కూర్చున్నాడు. లాండ్రీ నడిపే అమ్మాయి వచ్చింది, ఆమెది మర్నాడు పొద్దుటి రైలు. తర్వాత ఇంకొందరు. అందరి చేతుల్లో టికెట్లున్నాయి, ఎవరి దగ్గరా పెట్టెల్లేవు. ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఒకావిడ ఇంటి నుంచి ఆపిల్ పై అనే తీపి వంటకం తెచ్చి అందరికీ పంచింది. గుడ్డు లేదని నాకు ప్రత్యేకంగా చెప్పింది.

నా రైలు చీకటి పడే వేళకు వచ్చింది. మార్జరీ నన్ను ప్లాట్‌ఫాం దాకా సాగనంపింది. కౌగిలించుకోలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది, అంతే. రైలు కదులుతుంటే వెయిటింగ్ రూమ్ కిటికీల్లో దీపాలు, బెంచీల నిండా మనుషులు కనిపించారు. కోటు మనిషి కారు స్టార్ట్ చేసి వెనక్కి తిప్పుతున్నాడు.

డియర్‌బోర్న్‌లో రమణ ఎదురుచూస్తున్నారు. నువ్వు చేసింది రిస్క్ అని ఇంటి గరాజ్‌లో కారు ఆపాక అన్నారు. అవునన్నాను. మూడు వారాల తర్వాత, తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో స్నేహితుల మధ్య ఇదే కథ చెబుతూ, పోలీసు టోపీ మీంచి నీళ్లు కారడం కూడా తను దగ్గరుండి చూసినట్టే వర్ణించారు. నేను పులిహోర వడ్డిస్తూ విన్నాను. ఆ రోజు ఎవరూ నా మోచెయ్యి పట్టుకోలేదు.

సోమవారం విచారణలో పోలీసు రాసుకున్న మాట పనికొచ్చిందని మార్జరీ ఫోన్ చేసి చెప్పింది. ఒప్పందం గడువు తీరేదాకా భవనం జోలికి వెళ్లొద్దని జడ్జి ఆదేశించారు. ఆ వ్యవధిలో ఊరివాళ్లు చందాలు వేసుకుని, బేరమాడి, రాతి స్టేషన్‌ను కొనేసుకున్నారు. అన్నీ దక్కలేదు. వెనకున్న గూడ్స్ షెడ్డు ఒప్పందంలో లేదు, దాన్ని పడగొట్టారు. ఇప్పుడక్కడ కంకర పరిచిన ఖాళీ స్థలం ఉంది. మార్జరీ ఆ స్థలం వైపు చూడకుండా నడుస్తుంది, మీరూ దాని గురించి అడక్కండి.

నాకు డ్రైవింగ్ మళ్లీ ఆ చలికాలంలోనే వచ్చేసింది. గ్రీన్ కార్డు కూడా వచ్చింది, ఆ పోలీసు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఏడాదికి ఒకసారి రైల్లోనే హాల్స్‌ఫోర్డ్ వెళ్తున్నాను. ఈ దేశంలో ఎవరూ రైలెక్కరు అని మనవాళ్లు చాలా తేలిగ్గా అంటారు. నేనూ పదేళ్లు అదే మాట అన్నాను. ఆ మాట వినడానికి సమాచారంలా ఉంటుంది గాని, ఒక స్టేషన్‌ను పడగొట్టాలనుకునేవాడు కోర్టుకు పట్టుకెళ్లేది కూడా సరిగ్గా దాన్నే. లేరు, రారు, కుదరదు అన్న మాటలకు మనం కూర్చున్న చోటి నుంచే జవాబు చెప్పొచ్చని నేను ఆ ఓక్ బెంచీ మీద నేర్చుకున్నాను. గొంతు పెంచాల్సిన పని కూడా లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. జాక్సన్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి కారు అద్దెకు తీసుకుంటే టైము కలిసొస్తుందని ఇంటర్నెట్‌లో చాలామంది రాస్తారు. అలా చేయకండి. టికెట్ మీద హాల్స్‌ఫోర్డ్ అనే రాయించుకోండి, వచ్చేటప్పుడూ అక్కడే ఎక్కండి. ఒక చిన్న ఊళ్లో రైలు ఆగాలా వద్దా అని తేల్చేవాళ్లు చూసేది అక్కడ ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు అన్నదే. మీరు దిగితే ఒకరు దిగినట్టు.